నంగలి దాకా పోయే కారు

మా పాత కారు పదహారేళ్ళు మాతో కాపురం చేసింది. చివర్లో దాని వెనక తలుపుల్లో ఒకటి లోపలి నుంచి మాత్రమే తెరుచుకునేది, ఇంకొకటి బయటి నుంచి మాత్రమే. వెనక ఇద్దరు కూర్చుంటే ఒకరు దిగి, చుట్టూ తిరిగి వచ్చి రెండోవాళ్ళను విడిపించాలి. "అలవాటైపోతాదిలే" అనేవాడు మా ఆయన. అలవాటు చేసుకోవలసింది ఎప్పుడూ నేనే కాబట్టి ఆ మాట అనడం ఆయనకు సులువు.

ఆయన బెంగళూరులో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాడు. మా బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో సగం మంది మగవాళ్ళ లాగే తెల్లవారకముందే రైలెక్కుతాడు, చీకటి పడ్డాక దిగుతాడు. రాబర్ట్‌సన్‌పేటలోని మా ఇంటి నుంచి ఊరిగాం స్టేషన్‌కు రెండు మైళ్ళు కూడా ఉండదు. కారుకున్న పనల్లా ఆ రెండు మైళ్ళు పోయి, పగలంతా వేపచెట్టు కింద నిలబడి, రాత్రి మళ్ళీ ఆ రెండు మైళ్ళు రావడం. ఆదివారం కారూ కదలదు, మంచం మీద నుంచి ఆయనా కదలడు.

ఒకరోజు ఆ కారు స్టేషన్ దగ్గరే మొండికేసింది. ఆయన వానలో నడిచి ఇంటికి వచ్చి, "ఇంగ దీన్ని వదిలించుకోవాల. కొంచెం మంచిది, ఈమధ్యది చూస్తాను" అన్నాడు. ఆ మాట వినగానే నాకు మొదట గుర్తొచ్చింది మా అక్క.

అక్కది పలమనేరు దారిలో, ముళబాగిలు, నంగలి దాటి ఆంధ్రాలో అడుగు పెట్టగానే వచ్చే పల్లె. అమ్మ పోయినప్పుడు నాకు ఊహ తెలియదు. నా తల దువ్వింది, బడికి పంపింది, నా పెళ్ళిలో తల్లి స్థానంలో నిలబడింది అన్నీ అక్కే. అయినా ఆ ఇంటికి మేము పోయి పదేళ్ళు దాటింది. అక్క కొడుకు పెళ్ళిలో అల్లుళ్ళకు తాంబూలమిచ్చి బట్టలు పెట్టేటప్పుడు, ఆ హడావిడిలో ఎవరో పెద్దమనిషి మా ఆయన కంటే ముందు ఇంకొకరిని చాప మీదికి పిలిచాడు. అంతే. మా ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని, అన్నం కూడా తినకుండా లేచి వచ్చేశాడు. "ఇంగ ఆ గడప నేను తొక్కను. నువ్వూ తొక్కద్దు" అన్నాడు. అక్క, బావ వచ్చి చేతులు పట్టుకుని బతిమాలినా వినలేదు.

బస్సెక్కి పోయి ఉండవచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. పోయాను ఒకసారి, చెప్పకుండా. తెలిసిన తర్వాత ఆయన తిట్టలేదు, కొట్టలేదు. నెల రోజులు నా చేతి అన్నం ముట్టలేదు. మార్కెట్ దగ్గర మెస్సులో అందరూ చూసేటట్టు కూర్చుని తిన్నాడు. మా వీధి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, "ఏమక్కా, ఒంట్లో బాగలేదా, అన్న మెస్సులో తింటా ఉండాడే" అని పరామర్శించి పోయారు. అప్పటికి ఇంట్లో పెళ్ళి కావలసిన కూతురు. నేను మళ్ళీ బస్సెక్కలేదు. ఆ మనిషిని లొంగదీసుకునే విద్య నాకు తెలియదు గానీ, నన్ను లొంగదీసే విద్య ఆయనకు బాగా తెలుసు.

కారు మంచిదైతే మనసు కొంచెం మెత్తబడుతుందని నా ఆశ. కొత్తగా కొన్నవాడికి ఎక్కడికైనా పోవాలనిపిస్తుంది. హైవే ఎక్కితే ముళబాగిలు వస్తుంది, తర్వాత నంగలి వస్తుంది, ఇంకాస్త పోతే అక్క ఊరు రాకుండా ఎక్కడికి పోతుంది అనుకున్నాను. అందుకే ఆ కారు సంగతి నేను ఆయన కంటే ఎక్కువ పట్టించుకున్నాను.

నాకు డ్రైవింగ్ రాదు. నేర్చుకుంటానంటే "యాడికి పోవాల నువ్వు?" అన్నాడు. కానీ అనపకాయలు ఒలుస్తూ, జాకెట్లకు హుక్కులు కుడుతూ ఫోనులో కార్ల వీడియోలు చూశాను. ఏ కారు ఎంత తాగుతుంది, దేని సామాను మన బజారులో దొరుకుతుంది, దేనికి కోలారు దాకా పరిగెత్తాలి, ఏది కొన్నాక మనల్ని అప్పులపాలు చేస్తుంది అన్నీ విన్నాను. చివరికి నాకు అర్థమైంది ఒకటే. స్టేషన్‌కు పోయి నిలబడే బండికి చిన్న పెట్రోల్ కారు చాలు. ఖర్చు తక్కువ, గోల తక్కువ.

అదే చెప్పాను. ఆయన చేతిలో కాఫీ లోటా కింద పెట్టి నవ్వాడు.

"మా నాయన గనిలో డీజిల్ లారీ తోలినాడు. ముప్పై ఏండ్లలో ఒక్కనాడన్నా నిలబడిందా? బలమంటే డీజిలుదే. పెట్రోల్ కార్లు ఆడపిల్లోళ్ళు తోలేటివి."

"ఆ లారీ రెండు మైళ్ళు పోయి చెట్టు కింద నిలబడలేదు కదా" అన్నాను.

"నీకేం తెలుస్తాది. గమ్మునుండు."

ఇక్కడ అందరిదీ ఇదే మాట. ట్రాక్టరు డీజిల్, బోరు మోటారు పనిచేయకపోతే తెచ్చే ఇంజను డీజిల్, టమాటాలు మోసే లారీ డీజిల్. కాబట్టి మనిషిని మోసే కారూ డీజిల్ కావాల్సిందే. గనులు మూతపడి ఇన్నేళ్ళయినా గనిలో తిరిగిన లారీ మీద మా ఇంట్లో ఉన్న నమ్మకం మాత్రం మూతపడలేదు.

కోలారులో ఒక రిటైరయిన లెక్చరర్ గారి పెట్రోల్ కారు చూశాం. సీట్ల మీద ఉతికిన తువాళ్ళు, లోపల ఒక్క గీత లేదు. మా ఆయన కూర్చున్న వెంటనే లేచి, "మోకాళ్ళు తగల్తా ఉండాయి" అన్నాడు. తగలలేదు, నేను పక్కనే కూర్చుని చూస్తున్నాను. అక్కడి నుంచి నేరుగా ముళబాగిలు దగ్గరి టమాట మండీ దళారి ఇంటికి తీసుకుపోయాడు. అంటే ముందే అనుకుని వచ్చాడన్న మాట, లెక్చరర్ గారి ఇల్లు నా నోరు మూయించడానికే.

దళారి కారు తెల్లగా, ఎత్తుగా, ఇంటి ముందు పెళ్ళికొడుకు లాగా నిలబడి ఉంది. మూడేళ్ళది. డిక్కీలో మూలకు టమాట గింజలు ఎండి అతుక్కుని ఉన్నాయి. దళారి నా వైపు చూడనే లేదు. "అన్నా, దీంట్లో కూర్చుంటే లారీవాడు కూడా పక్కకు జరిగి దారిస్తాడు" అన్నాడు మా ఆయనతో. మా ఆయన ముఖం వెలిగిపోయింది.

"రోజూ ఎంత దూరం తోలేవాళ్ళు?" అని నేను అడిగాను.

దళారి జవాబు కూడా మా ఆయనకే చెప్పాడు. "చెన్నై మార్కెట్‌కు పోయొస్తా ఉంటిమి అన్నా. దూరానికి దీన్ని మించిన బండి లేదు."

దారిలో చెప్పాను, ఇది దూరం పోయే వాళ్ళ బండి, మనకు సరిపడదు అని. "దూరం పోయినాదంటేనే గట్టిదని అర్థం" అన్నాడు. ఆ శుక్రవారమే టైర్ల కింద నిమ్మకాయలు నలిగాయి.

ఆ కారుకు జరిగిన సేవ నా కాపురంలో నాకు జరగలేదు. మా ఊళ్ళో గాలి తిరిగిందంటే గనులు మిగిల్చిన సైనైడ్ దిబ్బల మీది బూడిద లాంటి దుమ్ము ఇల్లిల్లూ చేరుతుంది. నేను దాన్ని ఊడుస్తూనే ముసలిదాన్నయ్యాను. ఆయన ఏనాడూ చీపురు పట్టలేదు. అలాంటి మనిషి రాత్రి రైలు దిగి వచ్చి, చొక్కా కూడా మార్చకుండా, మెత్తటి గుడ్డతో ఆ కారు ఒళ్ళంతా తుడిచేవాడు. "గట్టిగా రుద్దితే గీతలు పడతాయి" అని నాకు చెప్పేవాడు. నాకు కోపం వచ్చేది. నవ్వు కూడా వచ్చేది గానీ కోపమే ఎక్కువ.

రెండు నెలలు తిరగకముందే స్టీరింగ్ వెనకాల పసుపు లైటు వెలిగింది. ఆయన మొదట దాన్ని చూడనట్టు నటించాడు. తర్వాత కారు బరువుగా ఈడ్చడం మొదలుపెట్టింది. కోలారులో సర్వీసుకు పోయాం. అక్కడి అతను వివరంగానే చెప్పాడు.

"సార్, ఈ కొత్త డీజిల్ బండ్లలో పొగ మసిని పట్టుకునే జల్లెడ మాదిరిది ఒకటి ఉండాది. బండి బాగా వేడెక్కి దూరం పోతే ఆ మసి కాలిపోతాది. మీరు స్టేషన్ దాకా పోయి ఆపేస్తా ఉండారు. అది నిండిపోతా ఉండాది. లైటు వచ్చినప్పుడల్లా హైవేలో తోలండి, ఆరిపోయేదాకా నిలపొద్దు. ఆరినాక కూడా ఇంజన్ టక్కున ఆపొద్దు, కాసేపు ఊరికే నడవనీయండి."

"వారం వారం తోలాల్నా?" అన్నాడు మా ఆయన.

"లైటు వస్తే తోలాల్సిందే సార్."

నేను వీడియోలలో ఈ సంగతి విన్నాను. అప్పుడు చెప్పాను కూడా. ఆయనకు గుర్తు చేయలేదు. గుర్తు చేస్తే ఆ పూట అన్నం నేనూ తినలేను.

అలా మొదలయ్యాయి మా ఆదివారాలు. పెళ్ళయినప్పటి నుంచి ఆదివారం ఎక్కడికన్నా పోదామంటే ఆయనకు నడుము నొప్పి. పిల్ల చిన్నప్పుడు కోలారు కొండ మీది అంతరగంగ చూపించమంటే తలనొప్పి. కారుకు పొగ పట్టిందనగానే నొప్పులన్నీ పోయాయి. పొద్దున్నే స్నానం చేసి, "ఏమే, రా, లైటు చూస్తా ఉందువు, నేను రోడ్డు చూసుకోవాల" అన్నాడు. నాకోసం దొరకని ఆదివారం పొగమసి కోసం దొరికింది. నేను మంచి చీర కట్టుకున్నాను, సిగ్గు లేకుండా.

బేతమంగళం మీదుగా ముళబాగిలు పోయి హైవే ఎక్కాం. నేను లైటునే చూస్తున్నాను. ముళబాగిలు దాటింది, లైటు ఉంది. ఇంకా కొండలు, మామిడి తోటలు, లారీలు, లైటు ఉంది. అలాగే ఉండిపో తల్లీ, ఆంధ్రా వచ్చేదాకా ఉండిపో అని లోపల మొక్కుకున్నాను. నంగలి దగ్గరికి రాగానే టక్కున ఆరిపోయింది. ఆయన రోడ్డు పక్కన టీ హోటల్ ముందు బండి తిప్పి నిలిపాడు. ఇంజను నడుస్తూనే ఉంది. అక్కడి నుంచి అక్క ఊరు బస్సులో పోతే పక్కనే. ఆయన సీసాలోని నీళ్ళు తాగి, కాసేపు ఆగి, ఇంటిదారి పట్టాడు.

మర్నాడు అక్కకు ఫోన్ చేసి చెప్పాను. "నంగలి దాకా వచ్చి పోతివా పాపా?" అంది. ఆ మాటకు పడినంత బాధ నేను తిట్లు తిన్నప్పుడు కూడా పడలేదు.

ఆ వారం లైటు మళ్ళీ వచ్చిందని కూడా అక్కకు ఫోనులో చెప్పాను. తర్వాతి ఆదివారం ఆ టీ హోటల్ ముందు బెంచీ మీద అక్క కూర్చుని ఉంది. పక్కన గుడ్డ సంచి. నేను తలుపు తీసుకుని దిగాను. మా ఆయన చూశాడు. గుర్తు పట్టాడు. గడప తొక్కొద్దన్నాడు గానీ రోడ్డు తొక్కొద్దనలేదు మరి. అద్దం పైకెత్తి, ఏసీ పెట్టుకుని, ఎదురుగా పోయే లారీలను చూస్తూ కూర్చున్నాడు. నేను పోయి అక్క చెయ్యి పట్టుకున్నాను. జుట్టు మొత్తం తెల్లబడింది. "సన్నబడినావే" అని నన్ను అంది, తను సగమయి ఉండి.

తర్వాత లైటు వచ్చిన ప్రతి ఆదివారం బండి అలవాటుగా ఆ హోటల్ ముందే ఆగేది, ఇంజను నడిచినంతసేపే మా మాటలు. సర్వీసు అతను చెప్పిన ఆ కాసేపు అయిపోగానే హారన్ మోగేది. ఏం మాట్లాడతాం అంతలో? అక్క కోడలు మంచిదే గానీ పొలం పనిలో తీరిక లేనిది, ఆవు చూలు కట్టింది, చెనిక్కాయలు ఈ ఏడు బాగా కాయలేదు. నా కూతురు అత్తగారింట బాగుంది. ఏ మాటా పూర్తి కాదు. అక్క సంచిలోంచి ఆకుకూర, చెనిక్కాయలు, ఒకసారి బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు తీసి ఇచ్చింది. ఆ ఓళిగలు మా ఆయన ఇంటికి వచ్చి నెయ్యి వేసుకుని తిన్నాడు. ఎక్కడివని అడగలేదు. పౌరుషం గడప దగ్గర ఉంటుంది కాబోలు, కడుపు దాకా రాదు.

లైటు రాని వారం ప్రయాణం లేదు. అందుకని పొద్దున ఆయన కారు తీసేటప్పుడు గేటు తీసే మిషతో నేను పక్కన నిలబడి స్టీరింగ్ వెనకాల చూసేదాన్ని. పసుపు రంగు కనబడితే ఆ రోజంతా చేతికి పని తెలిసేది కాదు. "లైటొచ్చింది అక్కా" అని ఫోన్ చేసేదాన్ని. "చల్లని మాట చెప్పినావు" అనేది అక్క. ఇంట్లో కారుకు జబ్బు చేస్తే ఇద్దరు ఆడవాళ్ళు సంబరపడిపోవడం ఎక్కడన్నా ఉంటుందా? మాకు ఉంది. ఆ కారు మంచిది కాదని మొదట చెప్పిందాన్ని నేనే, అది బాగుపడకూడదని కోరుకున్నదాన్నీ నేనే.

ఎండాకాలం అలా గడిచింది. తర్వాత ఆ జల్లెడలో ఏదో భాగం పోయింది. దాన్ని మార్చడానికి పెట్టిన ఖర్చు తలుచుకుని ఆయన రెండు పూటలు బిల్లు తీసి తీసి చూసుకున్నాడు. రైలులో తోటివాళ్ళు "ఏమప్పా, నీ బండికి వారం వారం తీర్థయాత్రా?" అని నవ్వారట. ఆ మాట ఆయనకు తగిలింది. ఒక సాయంత్రం వచ్చి, "డీజిల్ దండగ. పెట్రోల్ చూసినాను, బంగారుపేటలో" అన్నాడు. నంగలి ప్రయాణాలు అంతటితో సరి అనుకున్నాను.

బంగారుపేటలో ఒక బ్యాంకు ఉద్యోగి ఇంటి ముందు చూశాం ఆ కారును. చిన్నది గానీ లోపల చోటుంది. కొత్తదానిలా ఉంది, తక్కువ తాగుతుంది, సామాను రాబర్ట్‌సన్‌పేటలో దొరుకుతుంది. నేను వెతికి వెతికి కొనమన్నది ఇలాంటిదే. మా ఆయన మోకాళ్ళు ఈసారి ఎక్కడా తగలలేదు. అప్పుడు జరిగింది, నా కాపురంలో ఎన్నడూ జరగనిది. నా వైపు తిరిగి, "నీకు నచ్చిందా?" అని అడిగాడు.

"వద్దు" అన్నాను. "ఇది తేలిక బండి. మనకు డీజిలే మేలు. ఖర్చు ఎట్లాగూ పెట్టినాము కదా, ఉంచుకుందాము."

ఆ బ్యాంకు ఉద్యోగి, ఆయన భార్య ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. మా ఆయన వాళ్ళ ముందే అన్నాడు, "పోయిన ఏడు పెట్రోల్ పెట్రోల్ అని నా తల తిన్నది ఈమే. ఇప్పుడు మాట మారుస్తా ఉండాది. ఆడోళ్ళను అడిగితే ఇంతే."

నేనేం చెప్పను? ఆదివారం అక్కను చూడాలి కాబట్టి ఆ చెడిపోయే కారే కావాలని చెప్పనా? చెబితే ఆయన ఇన్నాళ్ళు చూడనట్టు ఊరుకున్నది చూసినట్టు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే వద్దనాలి. బండి కుదిరింది. డీజిల్ కారును సుగటూరు నుంచి వచ్చిన ఒక రైతు కొన్నాడు, పట్టుగూళ్ళు రామనగరం మార్కెట్‌కు తీసుకుపోవడానికి. వారానికి రెండుసార్లు అంత దూరం పోయేవాడికి అది బంగారం లాంటి బండి. ఏది ఎవరికి సరిపోతుందో అది చివరికి అక్కడికే చేరింది, నేను తప్ప.

శనివారం అక్కకు ఫోన్ చేశాను.

"రేపు రాలేనక్కా."

"లైటు రాలేదా?"

"కారు మార్చినాము."

"మంచిదేనా?" అంది.

"మంచిదే. దానికి ఏ లైటూ రాదంట."

"పోనీలే పాపా" అంది అక్క. "ఆయప్పకు ఇబ్బంది తప్పింది కదా." ఆ మనిషి మీద ఒక్క కటువు మాట ఎన్నడూ అనలేదు మా అక్క. అందుకే నాకు ఇంకా మంట.

ఆదివారం మా ఆయన పొద్దెక్కి లేచాడు. వాకిట్లో కొత్త కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "చూసినావా, స్విచ్చేస్తే ఒక్క లైటూ లేదు. ఇంగ ఆదివారాలు నిమ్మళంగా ఉండొచ్చు" అన్నాడు.

"నేను అక్కను చూడాల" అన్నాను.

అంత సూటిగా ఆ మాట నా నోట ఎప్పుడూ రాలేదు. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఆశ్చర్యపోయి చూశాడు, అన్నం పెట్టిన చెయ్యినే నేను కరిచినట్టు.

"ఇన్ని వారాలు చూపించినాను కదే. ఒక్కనాడన్నా అడ్డం వచ్చినానా? ఇంగా చాల్లేదా?"

నాకు అప్పుడు తెలిసింది. అద్దం అవతల లారీలను చూస్తూ కూర్చున్న మనిషి అన్నీ లెక్కలో వేసుకుంటున్నాడు. కారు పొగ కోసం పోయిన ప్రయాణాలన్నీ నాకు చేసిన ఉపకారాలుగా రాసుకున్నాడు. నేను అక్కతో గడిపిన ఆ కాసిని నిమిషాలు నావి కూడా కావు, ఆయన ఇచ్చినవి.

"చాల్లేదు" అన్నాను.

ఆయన లేచి, టీవీ పక్కన మేకుకు వేలాడుతున్న కారు తాళం తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. స్టీరింగ్ పట్టుకోవడం కూడా తెలియని నా చేతికి అది దొరకకూడదని. మా రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఆధార్ కార్డు చూపిస్తే బస్సు ఉచితం, రాష్ట్రం సరిహద్దు నంగలి దాకా. బీరువా తెరిచి నా కార్డు తీసి సంచిలో వేసుకుని, చెప్పులు తొడుక్కుని బస్టాండుకు నడిచాను.